బండి ఎవరి పేరు మీద ఉంది?

మా చిన్నాన్న కొడుకు ఘట్‌కేసర్ దాటాక ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొదటి ఏడాది హాస్టల్లో ఉన్నాడు. ఈ ఏడాది ఇద్దరు స్నేహితులతో కలిసి బోడుప్పల్‌లో రూము తీసుకున్నాడు. ఒకరోజు రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "అన్నా, మా సీనియర్ స్ప్లెండర్ అమ్ముతున్నడు. ఇరవై రెండు వేలకే ఇస్తడట. ఫారాల మీద సంతకాలు పెట్టే ఉన్నయట. పేరు మార్చుకునుడు మన ఇష్టమట" అన్నాడు.

బండి ఎలా ఉందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడగకుండానే "వద్దు" అనేశాను. "ఎందుకన్నా?" అన్నాడు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. వాడికి చెప్పాల్సింది, వాడిలాగే ఈ ఏడాది సెకండ్ హ్యాండ్ బండి కోసం తిరుగుతున్న పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ చెప్పాల్సింది కూడా అనిపించి ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ఒక్కటే. కాలేజీకి వెళ్లిరావడానికి పాత బండి కొనేవాళ్లు మైలేజీ కన్నా ముందు, ఇంజన్ కన్నా ముందు, ధర కన్నా ముందు రిజిస్ట్రేషన్ కాగితమైన ఆర్‌సీ మీద ఎవరి పేరుందో చూడాలి. ఆ పేరున్న మనిషి వచ్చి మన పేరు మీదికి మార్చి ఇస్తానంటేనే మిగతా బేరం మొదలుపెట్టాలి. లేదంటే ఎంత చవకగా వచ్చినా ఆ బండి మనకు వద్దు.

అసలు బండి అవసరమా?

ఈ ప్రశ్న నేనే వాడిని అడిగాను. స్టూడెంట్ బస్ పాస్ ఉంది, దానికన్నా చవకైనది ఏదీ లేదు. కానీ వాడి రూము నుంచి మెయిన్ రోడ్డుకు నడక, అక్కడ బస్సు కోసం ఎదురుచూపు, దిగాక కాలేజీ దాకా షేర్ ఆటో. ల్యాబ్ ఉన్న రోజు సాయంత్రం ఆరు దాటితే ఆ షేర్ ఆటో కూడా దొరకదు. రానూపోనూ ముప్పై కిలోమీటర్ల పైన ఉంటుంది. మామూలు వంద సీసీ బండి మీద వెళ్తే రోజుకు అర లీటరు పెట్రోలు, అంటే యాభై ఐదు రూపాయల దాకా. నెలకు పద్నాలుగు వందలు అనుకుందాం. చిన్నాన్న పత్తి, మొక్కజొన్న వేసే రైతు. ఆయనకు అది చిన్న మొత్తం కాదు. అయినా రోజూ రెండున్నర గంటలు మిగులుతున్నాయంటే కాదనలేకపోయాను.

నన్ను ఎక్కువగా భయపెట్టింది ఆ రోడ్డు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగింది. కింద గుంతలు, దుమ్ము, వానొస్తే బురద. అది దాటితే వరంగల్ హైవే, లారీలు. ఆ రోడ్డు మీద పందొమ్మిదేళ్ల పిల్లాడు రోజూ రెండుసార్లు వెళ్లి రావాలి. కాబట్టి ఏ బండి అన్న ప్రశ్నకు నాకు పెద్ద ఆలోచన పట్టలేదు. బరువు తక్కువ, సీటు ఎత్తు తక్కువ, ఏ ఊళ్లో ఆగిపోయినా మెకానిక్ విప్పగలిగేది, స్పేర్ పార్టులు ప్రతి షాపులో దొరికేది. స్ప్లెండర్, ప్లాటినా, షైన్ లాంటివి. వాడికి నూట యాభై సీసీ బండి మీద మనసుంది, ఆ వయసులో ఎవరికైనా ఉంటుంది. అదే డబ్బుకు వచ్చే నూట యాభై సీసీ బండి ఇంకో నాలుగేళ్లు పాతదై ఉంటుందని, దాని టైర్లకూ చైన్ సెట్‌కూ అయ్యే ఖర్చు కూడా ఎక్కువని చెబితే ఒప్పుకున్నాడు.

బండిని చూడటంలో నాకు తెలిసినవి కొన్ని వాడికి నేర్పాను. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వేడిగా ఉంటే మనం వచ్చేముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లారేదాకా టీ తాగి వచ్చి, అప్పుడు కిక్ కొట్టమనాలి. పొగ నీలంగా వస్తుంటే ఆయిల్ కాలుతోంది, త్వరలో బోర్ పని ఉంటుంది. మీటర్ తిప్పడం సులువు కాబట్టి దాన్ని నమ్మకూడదు. గేర్ పెడల్ రబ్బరు, ఫుట్‌రెస్ట్ రబ్బరు అరిగిన తీరు చూడాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 1817 అని ఉంటే 2017లో 18వ వారం తయారైన టైరు. 2017 బండికి అదే టైరు ఉండి, అది బోడిగుండులా నున్నగా అరిగిపోయి ఉంటే, మీటర్ మీద పన్నెండు వేల కిలోమీటర్లు అంటే ఎలా నమ్ముతాం? ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోనిస్తూ బండి ఒక పక్కకు లాగుతోందేమో చూడాలి. లాగితే ఫోర్క్ వంగి ఉండవచ్చు, అంటే ఎక్కడో గట్టిగా కొట్టుకుంది.

ఇవన్నీ అవసరమే. కానీ వీటిలో ఏది తప్పినా నష్టం కొన్ని వేలు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బాగవుతుంది. కాగితం తప్పితే బాగుచేసే మెకానిక్ లేడు.

సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు

కాలేజీల్లో బండ్లు ఎలా చేతులు మారతాయో చదువుకున్న ప్రతివాళ్లకూ తెలుసు. ఫైనల్ ఇయర్ పరీక్షలు అయిపోతాయి. ఊరికి వెళ్లేముందు బండి వదిలించుకోవాలి. జూనియర్ దగ్గర డబ్బులు తీసుకుని, పేరు మార్పుకు రవాణా ఆఫీసులో ఇవ్వాల్సిన ఫారం 29, ఫారం 30 మీద ఓనర్ సంతకాలు ఉన్న కాగితాలు ఆర్‌సీతో కలిపి ఇచ్చేస్తారు. కొన్నవాడి పేరు, తేదీ ఖాళీ. ఆ జూనియర్ రెండేళ్లు నడిపి అవే కాగితాలు ఇంకో జూనియర్‌కి ఇస్తాడు. అలా నాలుగైదు చేతులు మారినా ఆర్‌సీ మీద మొదటి మనిషి పేరే ఉంటుంది.

నేనూ అదే చేశాను. 2011లో వరంగల్‌లో చదివేటప్పుడు ఒక సీనియర్ దగ్గర 2007 మోడల్ స్ప్లెండర్ ప్లస్ కొన్నాను. పద్దెనిమిది వేలు. ఏపీ 36 నంబరు. ఆర్‌సీ మీద పరకాల వైపు ఒక స్కూలు టీచరు పేరు ఉండేది. ఆయన ఎవరో నాకు తెలియదు. సీనియర్ ఆయన దగ్గర కొన్నాడు, నేను సీనియర్ దగ్గర కొన్నాను. హన్మకొండ వీధుల్లో మూడేళ్లు ఆ బండి మీద తిరిగాను. 2014లో చదువు అయిపోయాక పదమూడు వేలకు ఒక జూనియర్‌కి ఇచ్చేసి హైదరాబాద్ వచ్చేశాను. సంతకాలు పెట్టిన ఫారాలు కూడా భద్రంగా ఇచ్చానని తృప్తి పడ్డాను.

2018లో ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "బాబూ, నువ్వు నా బండి నడిపినవట కదా" అన్నాడు ఒక పెద్దాయన. మెల్లగా, ఎంతో మర్యాదగా. అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. ఆయన ఆ ఆర్‌సీ మీది మాస్టారు. రిటైరయ్యారు. రఘునాథపల్లి దగ్గర ఆ బండి సైకిల్ మీద పాలు పోసే ఒకాయన్ని గుద్దింది. కాలు రెండు చోట్ల విరిగింది. నడిపిన కుర్రాడు నా జూనియర్ కూడా కాదు. జూనియర్ ఎవరికో అమ్మితే ఆ కొన్నాయన బావమరిది. ఇన్సూరెన్స్ లేదు. నష్టపరిహారం కేసులో కోర్టు నోటీసు వెళ్లింది బండి ఓనర్‌కి, అంటే ఆ మాస్టారికి. ఆయన బండి అమ్మి అప్పటికి తొమ్మిదేళ్లు.

ఆయన దగ్గర పాత డైరీలో మా సీనియర్ నంబరు ఉంది. సీనియర్ నా నంబరు ఇచ్చాడు. నేను జూనియర్ నంబరు ఇచ్చాను. అది పనిచేయడం లేదు.

ఆ వారం వరంగల్ వెళ్లాను. మాస్టారి ఇంట్లో కాగితాలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. ఆ బండికి చివరిసారి ఇన్సూరెన్స్ కట్టింది 2012లో. కట్టింది నేనే. అది 2013లో అయిపోయింది. బండి ఇంకా నా చేతిలోనే ఉండగా. తర్వాత నేను కట్టలేదు, నా తర్వాతి వాళ్లూ కట్టలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్లావిడ అన్నంపెట్టింది.

లాయర్ చెప్పిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తు. అదే ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అచ్చం ఇలాంటి కేసులోనే తీర్పు ఇచ్చింది. ఒక కారు నాలుగు చేతులు మారింది, పేరు మాత్రం మొదటి ఓనర్‌దే ఉండిపోయింది, యాక్సిడెంట్ అయింది. రిజిస్ట్రేషన్ రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనర్, పరిహారం బాధ్యత వాళ్లదే అని కోర్టు చెప్పింది. గాయపడ్డ మనిషి, పాపం, అసలు ఓనర్ ఎవరా అని చేతులు మారిన వరసంతా వెతుక్కుంటూ తిరగలేడు కదా. ఆ మాట న్యాయమేనని మాస్టారే అన్నారు. పాలాయన పక్షాన నిలబడి ఆలోచిస్తే నాకూ న్యాయమే అనిపించింది. కానీ డబ్బు కట్టాల్సిన మనిషి ఆ బండిని తొమ్మిదేళ్లుగా కళ్లతో చూడని మనిషి.

చివరికి లోక్ అదాలత్‌లో లక్షా నలభై వేలకు రాజీ అయింది. నేను నలభై వేలు ఇచ్చాను. సీనియర్ ఇరవై ఇచ్చాడు. నడిపిన కుర్రాడి ఇంటివాళ్లు పది. మిగతా డెబ్భై వేలు మాస్టారు పెట్టుకున్నారు, పెన్షన్ డబ్బుల్లోంచి. పద్దెనిమిది వేలకు కొని పదమూడు వేలకు అమ్మిన బండి అది.

అవతలి వాళ్లు చెప్పేది కూడా నిజమే

ఇదంతా చెప్పినప్పుడు మా తమ్ముడు వాదించాడు. వాడి వాదన కొట్టిపారేయలేను. "అది అమ్మినోళ్లకు వచ్చే కష్టం కదన్నా, కొన్నోళ్లకేం కాదు కదా" అన్నాడు. పైగా ఫీజు, ఏజెంటు ఖర్చు కలిసి మూడు, నాలుగు వేలు అవుతుంది. ఆ సీనియర్‌కి మొదటి ఓనర్ ఎవరో కూడా తెలియదట, ఇప్పుడు ఎక్కడని వెతుకుతాడు? ఇరవై రెండు వేల బండి మీద అంత చేయడం అవసరమా?

కొన్నవాడికి ఏం కాదన్నది మాత్రం నిజం కాదు. బండి నడిపేవాడే ప్రమాదంలో పడితే పదిహేను లక్షల వరకు వచ్చే ఓనర్ ప్రమాద బీమా ఒకటుంది. ఏడాదికి కొన్ని వందల రూపాయలే. అది ఓనర్-డ్రైవర్‌కు, అంటే ఆర్‌సీ మీదా పాలసీ మీదా పేరుండి, లైసెన్సు ఉన్న మనిషికే వర్తిస్తుంది. ఇన్సూరెన్స్ చేతిలో ఉన్న బండి కొన్నా, అవతలి వ్యక్తికి తగిలిన దెబ్బల వరకే అది మనతో వస్తుంది. మన ప్రాణానికి రాదు. హైవే మీద రోజూ ముప్పై కిలోమీటర్లు తిరిగే పిల్లవాడికి ఆ ఒక్క కాగితం చాలా ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతున్నాను. వాడికి ఏదైనా అయితే అని నోటితో అనడానికి కూడా నాకు మనసు రాలేదు. అయినా అన్నాను.

ఇంకో చిక్కు చిన్నాన్నతో వచ్చింది. పేరు మార్పించడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు, కానీ "నా పేరు మీద పెట్టిద్దాం, చిన్నపిల్లగాడు, రేపు ఎవనికన్న ఇచ్చేస్తడు" అన్నారు. తండ్రిగా ఆయన భయం అర్థమవుతుంది. కానీ ఆయన పేరు మీద ఉంటే ఆ పదిహేను లక్షల బీమా ఊళ్లో ఉన్న ఆయనకు ఉంటుంది, హైవే మీద ఉన్న కొడుక్కి ఉండదు. ఈ మాట చెప్పేసరికి చిన్నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాని పేరు మీదనే పెట్టు" అన్నారు. లైసెన్సు వచ్చేదాకా బండి ముట్టుకోనని వాడు మాటిచ్చాడు. అప్పటికి వాడి దగ్గర లెర్నింగ్ లైసెన్సు, అంటే ఎల్ఎల్‌ఆరే ఉంది.

ఇన్సూరెన్స్ విషయంలోనే ఇంకోటి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్‌కి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల అవతలివాళ్లకు జరిగే నష్టానికి ఉండే బీమా, కొన్నప్పుడే తీసుకోవాలి. కాబట్టి 2019లో కొన్న బండికి 2024 దాకా ఎవరూ దాని గురించి ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఆ అలవాటు మీదే గడువు దాటిపోయింది. మేం చూసిన ఏడు బండ్లలో నాలుగింటికి ఇలా బీమా అయిపోయి ఉంది. వాటిలో ఇద్దరు ఓనర్లకు మేం చెప్పేదాకా తెలియదు. 2022లో ఖరారైన రేటు ప్రకారం డెబ్భై అయిదు నుంచి నూట యాభై సీసీ వరకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు, పైన పన్ను. ఇలాంటి చిన్న మొత్తం దగ్గరే నేను 2013లో ఆగిపోయాను.

ఏడు బండ్లు

మూడు ఆదివారాలు తిరిగాం. సీనియర్ స్ప్లెండర్ వదిలేశాం. రామంతాపూర్ దగ్గర పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో హీరో హోండా అని పేరున్న ప్యాషన్ పదిహేను వేలకు పెట్టారు, మెరుస్తోంది. హోండా విడిపోయి కంపెనీ పేరు మారింది 2011లో. రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లు. అంటే ఆ పేరున్న బండికి గడువు అయిపోయి ఉంటుంది, లేదా అయిపోవచ్చి ఉంటుంది. రెన్యూవల్, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ మన మీద పడతాయి. మా తమ్ముడు ట్యాంకు మీది పేరు చూసి తనంతట తనే లెక్కగట్టి "వద్దన్నా" అన్నాడు. నాకు చాలా సంతోషమేసింది.

ఇంకోటి విజయవాడ వైపు నుంచి వచ్చిన బండి, ధర బాగా తక్కువ. అక్కడి నుంచి అభ్యంతరం లేదనే కాగితం (ఎన్ఓసీ) తెచ్చి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కలుపుకుంటే చవక కాదు. మరొకటి ఫైనాన్స్ మీద ఉన్నది. లోను తీరిపోయిందని ఓనర్ నిజాయితీగానే చెబుతున్నాడు, కానీ బ్యాంకు ఎన్ఓసీ, రికార్డులోంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 తీసుకోలేదు, ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. అవి తెచ్చాక ఫోన్ చేయమని చెప్పాం. చేయలేదు.

చలాన్ల సంగతి విడిగా చెప్పాలి. ఒక బండి మీద పదకొండు చలాన్లు ఉన్నాయి. "డిస్కౌంట్ వస్తది, అప్పుడు కట్టుకోవచ్చు" అన్నాడు ఓనర్. 2022 మార్చిలో టూవీలర్లకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించారు కదా, దాంతో చాలామందికి ఎదురుచూడటం అలవాటైపోయింది. అవి హెల్మెట్ లేకుండా, రాంగ్ రూట్‌లో వెళ్లిన చలాన్లు. డబ్బు సంగతి పక్కన పెడితే, బండిని ఎలా నడిపారో ఆ పదకొండు ఫొటోలే చెబుతున్నాయి. ఏ మెకానిక్ చెప్పేదానికన్నా నేను ఆ ఫొటోలను ఎక్కువ నమ్ముతాను.

ఏడోది ఉప్పల్ దగ్గర ఒక నర్సు గారిది. 2017 స్ప్లెండర్, టీఎస్ 08, ఒక్కరే ఓనర్, ముప్పై ఒక్క వేలు చెప్పారు. టైర్లు అయిపోయాయి, చైన్ సెట్ మార్చాలి, బ్యాటరీ బలహీనంగా ఉంది. ఇంజన్ మాత్రం చల్లగా ఉండగా రెండో కిక్‌కే అందుకుంది. మేం ఏదీ అడగకముందే ఆవిడ అన్న మాట: "నేను ఆఫీసుకు వస్తాను, పేరు మారితేనే ఇస్తాను. మా అన్నయ్య ఇలాగే కాగితాలు ఇచ్చేసి చాలా ఇబ్బంది పడ్డాడు."

సీనియర్ బండి కన్నా తొమ్మిది వేలు ఎక్కువ. టైర్లు, చైన్, బ్యాటరీ కలిపి ఇంకో ఆరు వేలు. చిన్నాన్న అనుకున్నది ముప్పై వేలు. నేను కాస్త ఆగాను. పత్తి అమ్మిన డబ్బులు అవి, నా మాట మీద ఖర్చు పెట్టించడం సరైనదేనా అని. ఇరవై ఎనిమిదిన్నరకు బేరం కుదిరింది. బాగుచేయించే ఖర్చు నేను పెట్టుకున్నాను. మాస్టారికి నేను తీర్చాల్సింది ఇంకా ఉందని నాకు అనిపిస్తూ ఉంటుంది, ఆ డబ్బు అటు వెళ్లిందనుకున్నాను.

స్లాట్ దొరికిన రోజు ఆవిడ నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా ఆర్టీఏ ఆఫీసుకు వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అమ్మినవాళ్లు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాళ్లు ముప్పై రోజుల్లో తెలియజేయాలని చట్టంలో ఉంది. మేం డబ్బు ఇచ్చిన నాలుగో రోజున అక్కడ ఉన్నాం. ఫారాల మీద పేరు, తేదీ మా తమ్ముడే రాశాడు. ఖాళీ గడి ఏదైనా మిగిలిందేమోనని ఆవిడ రెండుసార్లు చూసుకున్నారు. రసీదు జిరాక్స్ ఒకటి తనకు కావాలన్నారు. వాడు పరుగెత్తి తెచ్చి ఇచ్చాడు.

మూడు వారాలకు ఆర్‌సీ కార్డు పోస్టులో వచ్చింది. లైసెన్సు పరీక్ష అంతకు ముందు వారమే పాసయ్యాడు. ఆ సాయంత్రం ఫోన్ చేసి, కార్డు మీద తన పేరు చదివి వినిపించాడు. ఇంటిపేరుతో సహా. చిన్నాన్నకు పంపించావా అని అడిగాను. "పంపిన. అంతకంటే ముందు ఆ అక్కకు ఫొటో పంపిన, ఆమె ఎదురుచూస్తుంటది కదా" అన్నాడు.